షట్ప్రత్యయములును గణనయంత్రవినోదమును

ఛందశ్శాస్త్రమునఁ బ్రత్యయాధ్యాయమునకుఁ గలిగినంత యనాదరము మఱియే యధ్యాయమునకును గలుగలేదు. గణములు చెప్పుదురు, యతిప్రాసములు చెప్పుదురు, వృత్తలక్షణములు వల్లె వేయింతురు. ప్రస్తారము, నష్టము, ఉద్దిష్టము, సంఖ్య, లగక్రియ, అధ్వయోగము అను నీ యాఱింటికి వచ్చునప్పటికి, ఇవి కవికిఁ బనికిరావని పుట త్రిప్పివేయుదురు. కవికిఁ బనికిరావనుట నిజమే కావచ్చును. ప్రస్తారము వేసికొని పద్యము చెప్పిన కవిని నే నెఱుఁగను. కాని శాస్త్రమునందలి ప్రతి భాగమును కవికొఱకే పుట్టినదని యెవ్వరు చెప్పిరి? ఇది లెక్కవలని యానందముకొఱకుఁ బుట్టిన భాగము. ఆ యానందమే నేఁడు కంప్యూటరను గణనయంత్రము చేతికి వచ్చిన తరువాత లోకమున ననేకులకు వినోదవిద్య యైనది. గణితపుఁ జిక్కుప్రశ్న నొకదానిని గైకొని, దానిని విప్పు తెఱఁగును యంత్రమునకుఁ దెలియునట్లు సూత్రములుగా వ్రాసి, సమాధానమును రాఁబట్టుటయే యా విద్య. ప్రత్యయాధ్యాయము తెలిసిన పండితునకు నది క్రొత్త విద్య కాదనియు, ఆ యధ్యాయమును బాఠమునుండి తొలఁగించినచో మన బాలురకు సొంత యింటి వాకిలినే మూసినట్లగు ననియు నా యభిప్రాయము. బాపట్ల జిల్లా యమృతలూరువంటి గ్రామమునఁ గూర్చుండి, గ్రంథాలయములు దూరమైనను, ఒక చిన్న యంత్రమును ఒక ఛందోగ్రంథమును దగ్గఱ నుంచుకొని యెవ్వరైనను సాగింపఁదగిన పని యిది.

మొదట నీ వినోదము స్వరూప మెట్టిదో యొక యుదాహరణమున వివరింతును. తెనాలి రామకృష్ణునిఁ దలఁచునపుడెల్ల మన ప్రాంతమున వికటకవి యను మాట వచ్చును. ఎటునుండి చదివినను ఆ మాట యొక్కటియే. అట్టి సంఖ్యలును గలవు: 1331, 906609 మున్నగునవి. మూడంకెల సంఖ్యలు రెండింటిని గుణింపఁగా వచ్చు వికటకవిసంఖ్యలలో నెల్ల పెద్దది యేది? ఇది యీ వినోదమునఁ దొలినాళ్లలోనే యెదురగు ప్రశ్న.

మూడంకెల సంఖ్యలు 900. వానిని రెండేసిగాఁ గూర్చినచో 4,05,450 జంట లగును. వ్రాఁతపలక మీఁదఁ జేయఁబూనినవాఁడు సన్న్యసింపవలసినదే. యంత్రమో, కనుఱెప్పపాటులోఁ జేసివేయును. కాని యంత్రముచే నన్నియుఁ జేయించి చేతులు దులుపుకొనువాఁడు వినోదములోని సారమును విడిచి పిప్పిని నమలినవాఁడు. కొంచెము నిలిచి యోచింపుఁడు. ఆఱంకెల వికటకవిసంఖ్య యెద్దియైనను 11చే నిశ్శేషముగా భాగింపఁబడును. కొనలనున్న యంకె 1,00,001 మాఱులును, దానిలోపలి యంకె 10,010 మాఱులును, నడిమి యంకె 1,100 మాఱులును గూడఁగా నా సంఖ్య యేర్పడును. ఈ మూఁడును 11యొక్క గుణిజములే. కాఁబట్టి గుణింపఁబడు రెండింటిలో నొకటి 11యొక్క గుణిజము కావలెను. మూడంకెల సంఖ్యలలో నట్టివి 81 మాత్రమే. నాలుగు లక్షల పని డెబ్బదిమూఁడు వేలలోపునకు దిగినది. పెద్దవానినుండి దిగుచు వచ్చినచో నింకను దగ్గును. సమాధానము 906609, అది 913ను 993చే గుణింపఁగా వచ్చినది, 913 అనునది 11ను 83చే గుణించినది. ఈ సంఖ్య తెలియుటవలన నెవ్వరికిని లాభము లేదు. పని తగ్గించిన యుక్తియే లాభము.

ఇట్టి సంఖ్యలయందలి మక్కువ మనకుఁ గ్రొత్తది కాదు. రాష్ట్రకూటుఁడైన యమోఘవర్షుని కాలమున, తొమ్మిదవ శతాబ్దియందు, మహావీరాచార్యుఁడు గణితసారసంగ్రహమున నిట్టి గుణకారములను హారములవలెఁ గూర్చి చూపినాఁడు. 152207ను 73చే గుణించినచో 11111111 వచ్చును. 27994681ని 441చే గుణించినచో 12345654321 వచ్చును. పాఠకులు గుణించి చూచుకొనవచ్చును. ఆ గ్రంథమునే పావులూరి మల్లన సారసంగ్రహగణితమను పేరఁ దెలుఁగు పద్యములలోనికిఁ దెచ్చెను. అతని యింటిపేరునకు మూలమని చెప్పఁబడు పావులూరును అమృతలూరును 2022లో నేర్పడిన బాపట్ల జిల్లాలోనివే. లెక్కను పద్యములోఁ బెట్టి పద్యమును లెక్కకు లోఁబఱచిన దేశము మనది. ఇఁక లెక్కకు లోఁబడిన యా పద్యముకడకే పోవుదము.

పింగళుని ఛందస్సూత్రము ఎనిమిదవ యధ్యాయమున సంఖ్య యను ప్రత్యయమున్నది. ఇన్ని యక్షరముల పాదమునకు గురులఘుభేదముచే నెన్ని వృత్తములు పుట్టును? ఒక్కొక్క యక్షరము గురువైన నగును, లఘువైన నగును. కావున నక్షరసంఖ్య యెంతయో యన్నిమాఱులు రెట్టింపవలెను. ఇంతవఱకు నెవ్వరైనను చెప్పఁగలరు. పింగళుని ప్రజ్ఞ యటుపైని గలదు. అక్షరసంఖ్య సమమైనచో సగము చేసి రెండు వేయుము. విషమమైనచో నొకటి తీసివేసి సున్న వేయుము. ఏమియు మిగులనంతవఱకు నిట్లు పొమ్ము. పిదప నొకటి మొదలుకొని వెనుకకు మరలుచు సున్న యున్నచోట రెట్టింపుము, రెండున్నచోట వచ్చినదానిని దానిచేతనే గుణింపుము.

ఇరువదియాఱక్షరముల యుత్కృతిచ్ఛందమును గైకొందము. 26 సగము 13, రెండు వేయుదుము. 13లో నొకటి తీసిన 12, సున్న. 12 సగము 6, రెండు. 6 సగము 3, రెండు. 3లో నొకటి తీసిన 2, సున్న. 2 సగము 1, రెండు. 1లో నొకటి తీసిన నేమియు లేదు, సున్న. ఇపుడు వెనుకకు: 1 రెట్టింపఁగా 2, వర్గింపఁగా 4, రెట్టింపఁగా 8, వర్గింపఁగా 64, మరల వర్గింపఁగా 4,096, రెట్టింపఁగా 8,192, వర్గింపఁగా 6,71,08,864. ఇరువదియాఱు మెట్లెక్కవలసిన చోట నేడు మెట్లు చాలినవి. నేఁడు గణనయంత్రములలోఁ బెద్ద ఘాతములను లెక్కించు తెఱఁగు సరిగా నిదియే. రహస్యలేఖనమునకు వందలకొలఁది యంకెల సంఖ్యలతోఁ బని పడినపు డీ తెఱఁగు లేక గతి లేదు.

అధ్వయోగమును గూర్చి యొక మాట. ఆఱు ప్రత్యయములలో నెల్ల నెక్కువ పరిహాసమునకుఁ బాత్రమైన దిదియే. ప్రస్తారమంతయు వ్రాయుటకు నెంత నేల కావలయునో యది చెప్పును. వరుస కొక యంగుళము, వరుసకు వరుసకు నడుమ నొక యంగుళము విడిచినచో, వృత్తసంఖ్యను రెట్టించి యొకటి తీసివేయవలెను. ఉత్కృతికి 13,42,17,727 అంగుళములు. అంగుళమును ముప్పాతిక యించుగాఁ గొన్నచో నిది రెండువేల యైదువందల కిలోమీటర్లకు మించును. అమృతలూరినుండి కాశికిఁ దిన్నని గీత గీచి, అదే గీతవెంట మరల వచ్చినను ప్రస్తారము ముగియదు. దీనిని వ్రాయువాఁ డెవ్వఁడని నవ్వుట సులభము. కాని యంత్రముతోఁ బనిచేయువాఁడు మొట్టమొదట వేసికొనవలసిన ప్రశ్న యిదియే: నా పట్టిక కెంత చోటు పట్టును? అక్షరమున కొక్క బిట్టు చొప్పున నుత్కృతిప్రస్తారమునకు సుమారు 21 కోట్ల 81 లక్షల బైట్లు కావలయును. నేఁటి చిన్న యంత్రములోనైనను నది యిముడును. ఇముడునో యిముడదో ముందే లెక్క చూచుకొనుమని బోధించు ప్రత్యయమును వ్యర్థమనఁజాలను.

నష్టోద్దిష్టములు పాఠశాలలలోఁ జెప్పుట కెంతయుఁ దగినవి. ప్రస్తారమున నిన్నవ వృత్తము రూపమేమి యని యడుగుట నష్టము. ఈ రూపముగలది యెన్నవది యని యడుగుట యుద్దిష్టము. నష్టమునకు విధియిది: సంఖ్య సమమైనచో లఘువును వ్రాసి సగము చేయుము, విషమమైనచో గురువును వ్రాసి, యొకటి కలిపి సగము చేయుము. ఇరువదక్షరముల కృతిచ్ఛందమున 355799వ వృత్తమును బట్టుదము. విషమము, గురువు, మిగిలినది 177900. సమము, లఘువు, 88950. సమము, లఘువు, 44475. విషమము, గురువు, 22238. లఘువు, 11119. గురువు, 5560. ఇట్లు సాగి 2780, 1390, 695, 348, 174, 87, 44, 22, 11, 6, 3, 2, 1 అని దిగును. వచ్చిన గురులఘువులను మూఁడేసిగా విఱిచి చూచినచో భ ర న భ భ ర, కడపట లఘువును గురువును. ఇది యుత్పలమాల యని వేఱుగాఁ జెప్పనేల?

చంపకమాల కృతికిఁ బైదైన ప్రకృతిచ్ఛందమున 711600వది. ఉత్పలమాల తొలి గురువును రెండు లఘువులుగా విడఁదీసినచోఁ జంపకమాల యగునని బాలురకును దెలియును. అట్లు విడఁదీసినపుడు సంఖ్య యేమగును? తక్కిన యక్షరము లన్నియు నొక్కొక్క స్థానము జరుగును గనుక వాని విలువలు రెట్టించును. ముందు క్రొత్తగా రెండు లఘువులు చేరును. లెక్క కట్టినచో, మొదటి సంఖ్యను రెట్టించి రెండు కలుపవలెను. 355799ని రెట్టింపఁగా 711598. రెండు కలుపఁగా 711600. శార్దూలమునకును మత్తేభమునకును నదియే సంబంధము: శార్దూలము 149337వది, దానిని రెట్టించి రెండు కలుపఁగా మత్తేభము 298676వది. ఈ నాలుగు సంఖ్యలను లక్షణగ్రంథముల ననుసరించి కంఠపాఠము చేసినవారుఁ గలరు. వానిలో రెండింటిని మఱచినను తక్కిన రెండింటినుండి రాఁబట్టవచ్చునని చెప్పువారు నాకుఁ గనఁబడలేదు.

ఇచట నొక హెచ్చరిక యవసరము. గురువును సున్నగాను లఘువు నొకటిగాను గొన్నచో నీ ప్రస్తారము యంత్రముల ద్వ్యంకపద్ధతివలెఁ గనఁబడును. ఇంతమాత్రముచేఁ బింగళుఁడు కంప్యూటరును గనిపెట్టెనని సభలలోఁ బలుకుట శాస్త్రమునకు గౌరవము కాదు. ద్వ్యంకములతోఁ గూడికలు గుణకారములు చేయు పద్ధతిని 1703లో లైబ్నిట్జు ప్రకటించెను. పింగళుఁ డట్టి యంకగణితమును జెప్పలేదు. అతఁడు చెప్పినది రెండు వికల్పములుగల రూపముల నన్నింటిని నొక్కటియు విడువక, రెండుమాఱులు చెప్పక, వరుసఁ బెట్టు క్రమము. వరుసలో స్థానమునుబట్టి రూపమును, రూపమునుబట్టి స్థానమును దెలిసికొను విధి. ఆ ఘనత చాలును. మఱియు యంత్రముతోఁ బనిచేయువారు గమనింపవలసిన భేద మొకటి గలదు: ఛందస్సులో మొదటి యక్షరమునకుఁ దక్కువ విలువ, మనము వ్రాయు సంఖ్యలలోఁ గడపటి యంకెకుఁ దక్కువ విలువ. ప్రోగ్రాము వ్రాయునపుడు దీనిని దిరుగవేయనిచో నుత్పలమాల మఱియొక వృత్తమై కూర్చుండును.

వర్ణవృత్తములకంటె దేశిపద్యములలో నీ వినోదము రుచికరముగా నుండును. ఏలయన నచట నెక్కములతోఁ దీఱని నియమములు గలవు. మొదట మాత్రలసంగతి. ఒక మాత్ర నొక తెఱఁగుననే నింపఁగలము. రెండు మాత్రలను రెండు తెఱఁగుల, మూఁడింటిని మూఁడు, నాలుగింటిని అయిదు, అయిదింటిని ఎనిమిది, ఆఱింటిని పదుమూఁడు తెఱఁగుల నింపవచ్చును. ప్రతి రూపమును లఘువుతోనైన ముగియవలెను, గురువుతోనైన ముగియవలెను. కావున వెనుకటి రెండు సంఖ్యలను గూడఁగాఁ దరువాతి సంఖ్య వచ్చును. ఐరోపావారు ఫిబొనాచీ యను పేరఁ జెప్పు లెనార్డో 1202లో వ్రాసిన గ్రంథమున నీ సంఖ్యలను వాడెను. అతనికి ముందే విరహాంకుఁడును, 1150 ప్రాంతమున హేమచంద్రుఁడును వీనిని ఛందస్సందర్భమునఁ జెప్పియుండిరి. మన కందమునకుఁ జెప్పిన గగ, భ, జ, స, నల యను నైదు గణములును నాలుగుమాత్రల రూపములు సమస్తమును; ఒకటి మిగులలేదు. సూర్యగణములో, మూఁడుమాత్రల మూఁడు రూపములలో లఘుగురువైన వగణమును మాత్రము విడిచినవి.

ఇఁక ప్రశ్న: కందపద్యమునకు గురులఘుక్రమమున నెన్ని భేదములు గలవు?

బేసిపాదమున మూఁడు గణములు, సరిపాదమున నైదు, పూర్వార్ధమున నెనిమిది. బేసిగణము జగణము కారాదు గనుక 1, 3, 5, 7 గణములకు నాలుగేసి వికల్పములు. రెండవ, నాల్గవ గణముల కైదేసి. ఆఱవది జగణమైనను నలమైనను కావలెను గనుక రెండు. ఎనిమిదవదాని కడపట గురువుండవలెను గనుక గగమో సగణమో; ఇవియు రెండే. అన్నింటిని గుణింపఁగాఁ బూర్వార్ధమునకు 25,600, ఉత్తరార్ధమునకు నంతియే. రెండింటిని గుణింపఁగా 65,53,60,000. ఇట్లు వ్రాసి యంత్రమున కిచ్చినచో నది యీ సంఖ్యనే యిచ్చును, సందేహములేక యిచ్చును.

కాని యది కందము కాదు. మొదటి పాదము గురువుతో మొదలైనచో నన్నియు గురువుతోడను, లఘువుతో మొదలైనచో నన్నియు లఘువుతోడను మొదలు కావలెనను నియమమును యంత్రమునకుఁ జెప్పలేదు. పండితుఁ డీ నియమమును చెవితో నెఱుఁగును. ప్రాసపూర్వాక్షరపు టలవాటువలన నతనికిఁ జెప్పనక్కఱలేదు. యంత్రమునకుఁ జెవి లేదు. చెప్పినదే యెఱుఁగును, చెప్పనిదానిని మన్నింపక తప్పుకందముల నన్నింటిని మన ముందుఁ బోయును. ఆ నియమమును జేర్చినచో లెక్క మాఱును. గురువుతో మొదలగు నపుడు మొదటి గణమునకు గగ, భ యని రెండు. రెండవ పాదపు మొదలగు నాల్గవ గణమునకును రెండు. పూర్వార్ధము 5,120. లఘువుతో మొదలగునపుడు మొదటిదానికి స, నల యని రెండే కాని, నాల్గవదానికి జ, స, నల యని మూఁడు. పూర్వార్ధము 7,680. ఈ రెండింటి వర్గములను గూడఁగా 8,51,96,800. తొలిసంఖ్యలో నూటికిఁ బదుమూఁడు పాళ్లు మాత్రమే మిగిలినది. తక్కిన యెనుబదియేడు పాళ్లును ఒక్క నియమము మఱచినవాని కందములు!

నే నీ వ్యాసమునఁ జెప్పఁదలఁచిన ముఖ్యాంశ మిదియే. ప్రోగ్రాము వ్రాయుట లక్షణము వ్రాయుటయే. సూత్రకారునకు నవ్యాప్తి, అతివ్యాప్తి, అసంభవము అను మూఁడు దోషములు తగులరాదని మన తార్కికులు చెప్పిరి. యంత్రముచేఁ బనిచేయించువానికిని ఆ మూఁడే శత్రువులు. వాక్యనిర్మాణ నియమములను సూత్రములుగా వ్రాయు నవీనపద్ధతికిఁ బాణిని పేరు చేర్పవలెనని 1967లో ఇంగర్‌మన్ అను యంత్రశాస్త్రజ్ఞుఁడు సూచించుట యూరక కాదు. మన విద్యార్థి కందలక్షణమును వల్లించినపుడు తాను దానినెంత యెఱుఁగునో తెలియదు. దానినే యంత్రమునకుఁ జెప్పఁబూనినపుడు పదినిమిషములలోఁ దెలియును.

ఆటవెలఁదికిఁ బ్రాసము లేదు గనుక లెక్క సుగమము. బేసిపాదమున మూఁడు సూర్యగణములు, రెండు ఇంద్రగణములు, సూర్యగణములు రెండు, ఇంద్రగణము లాఱు, కావున 288. సరిపాదమున నైదు సూర్యగణములు, 32. నాలుగు పాదములకు 8,49,34,656. ఇంద్రగణము లాఱింటిలో నేదియు మఱియొకదానికి మొదలుగా నుండదు గనుక నొకే గురులఘువరుస రెండుతెఱఁగుల విఱుగునేమో యను సందేహమును లేదు. (ఈ గుణము గల సంకేతములనే నేఁడు తంతిలేని వార్తల కూర్పునందును వాడుదురు.) ఇపు డీ సంఖ్యను గందపు సంఖ్యతోఁ బోల్చి చూడుఁడు. కందమునకు నాటవెలఁదికంటె 2,62,144 భేదము లెక్కువ. ఈ యంతరము పదునెనిమిదక్షరముల ధృతిచ్ఛందమునఁ గల వృత్తముల సంఖ్యకు సరిగా సమానము! దీనిచేత రెండు సంఖ్యలను భాగించినచోఁ గందమునకు 325, ఆటవెలఁదికి 324. ఒక్కదానికొక్కటి యేమాత్రమును బోలని నియమములుగల రెండు పద్యము లింత దగ్గఱకు వచ్చుట నాకు మిక్కిలి వింతగాఁ దోఁచినది. ఇందులో గూఢార్థమేదియు లేదు. రెండింటను రెండ్ల గుణకారమే ప్రబలముగా నుండుటచే నిట్లు పొసఁగినది. వింతను వింతగా ననుభవించి విడువవలెను గాని దానిపై సిద్ధాంతములు కట్టరాదు.

ద్విపదలోఁ బాదమునకు మూఁడింద్రగణములు, నొక సూర్యగణము, 432 భేదములు. ప్రాసములేని మంజరి కందువలన 1,86,624. ద్విపదకుఁ బ్రాసముండుటచేఁ దొలి యక్షరములు రెండును సమానములు కావలెను. ఇంద్రగణములలో మూఁడు గురువుతోను మూఁడు లఘువుతోను మొదలగును గనుక సరిగా సగము, 93,312. కందమున లఘువువైపు మొగ్గిన త్రాసు ద్విపదలో సమముగా నిలిచినది.

ఇట్లనుటచే యంత్ర మన్నింటిని వరుసఁ బెట్టి లెక్కింపఁగలదని తలఁపరాదు. సీసపాదమున నాఱింద్రగణములు, రెండు సూర్యగణములు; పాదమునకు 1,86,624, అనఁగా మంజరి రెండుపాదముల సంఖ్యయే. నాలుగు పాదములకు వచ్చునది యిరువదిరెండంకెల సంఖ్య. ఎత్తుగీతి నింకను జేర్పలేదు. సెకనునకుఁ బదికోట్ల చొప్పున లెక్కించు యంత్రమునకైనను సీసముల నొక్కొక్కటిగా వరుసఁ బెట్టుటకు మూఁడులక్షల యెనుబదివేల యేండ్లు దాఁటును. గుణకారముచే నదే సంఖ్య నొక విద్యార్థి కాగితముపై నరగంటలోఁ దేల్చును. ప్రస్తారమును సంఖ్యయు వేఱువేఱు ప్రత్యయములగుట కిది కారణము. ఎక్కడఁ బ్రస్తరింపవలెనో యెక్కడ గుణింపవలెనో యెఱుఁగుటయే యీ వినోదమున నేర్పు.

చిత్రకవిత్వమునఁ దురగబంధమును దీనికిఁ జేర్పవలెను. తొమ్మిదవ శతాబ్దియందు రుద్రటుఁడు కావ్యాలంకారమునఁ జదరంగపు సగముపలకపై గుఱ్ఱపునడకగాఁ జదువఁదగిన శ్లోకమును గూర్చెను. 1759లో ఆయిలరు గుఱ్ఱపునడకను గణితశాస్త్రమున విచారించెను. 1823లో వార్న్స్‌డార్ఫు, పిమ్మటి యెత్తులకు దారులు తక్కువగానున్న గడికే గుఱ్ఱమును ద్రోయవలెనని సులువైన సూత్రమును జెప్పెను. దానిని బది పంక్తుల ప్రోగ్రాముగా వ్రాయవచ్చును. అఱువదినాలుగు గడులును ద్రొక్కి బయలుదేఱిన గడికి నొక్క యెత్తున మరలఁగలుగు నడక లెన్నియో 1997లో మెకే యను గణితజ్ఞుఁడు తేల్చెను: 1,32,67,36,44,10,532. ఒక్కొక్క నడకను వ్రాసి లెక్కించుట కాదు; ఇచటను యుక్తియే.

ఈ విద్య నారంభింపఁ గోరువారికిఁ గావలసిన సామగ్రి స్వల్పము. పైథాను అను ప్రోగ్రాముభాష 1991లో వెలువడినది, వెలలేనిది, సంఖ్య యెంత పెద్దదైనను అంకె పోనీయక లెక్కించును. సమవిషమములను బరీక్షించుట, పునరావృత్తి, పట్టిక యను మూఁడు మాత్రము నేర్చినచో నష్టోద్దిష్టములను వ్రాయవచ్చును. అక్షరము గురువో లఘువో తేల్చు ప్రోగ్రాము కొంచెము కష్టము: తెలుఁగు లిపిలో నొక్క యక్షరముగాఁ గనఁబడునది యంత్రమునకు హల్లు, పొల్లు, గుణింతపు గుర్తు అని పలు సంకేతములు, పైని సంయుక్తాక్షరము వెనుకటి యక్షరమును గురువు చేయును. దానికి వ్యాకరణము తెలిసినవాఁడు యంత్రము మాత్రమే తెలిసినవానికంటె మేలు. పాఠశాలలో ఛందస్సును జెప్పు పండితుఁడును గణితమును జెప్పు నుపాధ్యాయుఁడును ఒక గంటసేపు కలసి కూర్చుండినచో నీ పని నడచును. మొదట చేతితో మూఁడక్షరముల ప్రస్తారము, ఎనిమిది గణములు, పిదప నుత్పలమాల నష్టము, పిదపనే యంత్రము. ఈ క్రమమును దప్పింపరాదు.

మధ్యాక్కరను లెక్కింపక విడిచితిని. పాదమున రెండింద్రగణములు, నొక సూర్యగణము, మరల రెండింద్రగణములు, నొక సూర్యగణము, నాలుగు పాదములు, ప్రాసము గలదు. పాదమునకు 5,184 వచ్చును. పద్యమునకు వచ్చు సంఖ్యను బ్రాసనియమముతో నొకమాఱును, ప్రాసనియమము లేక యొకమాఱును దేల్చి, యందు మొదటిది రెండవదానిలో నెన్నవ పాలో పాఠకులు చూచుకొనఁగలరు.